వెంట్రుకవాసి సందు

పడిందా, పడలేదా? పొద్దున్నుంచీ నా బుర్రలో ఇదే గోల. నడుముకున్న పిస్టల్‌లో మొదటి తూటా దాని గదిలోకి పూర్తిగా వెళ్లిందా, లేక వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయి నన్ను చూసి నవ్వుకుంటోందా? డ్యూటీకి బయల్దేరే ముందు స్టేషన్ వెనక, పొరపాటున పేలినా తూటాని మింగేసే ఇసక పెట్టె దగ్గర నిలబడి స్లైడ్ లాగి వదిలాను. వదిలాననుకున్నాను. పిస్టల్ పైభాగమంతా ఆ స్లైడే, వెనక్కి లాగి వదిలితే పిడిలో దూర్చిన మ్యాగజైన్‌లోని పై తూటాని తోసుకుంటూ వెళ్లి గదిలో కూర్చోబెట్టి మూసుకోవాలి. మూసుకుంటే సంతోషం. ఇది ముందుకు వెళ్లినట్టే వెళ్లి, చివర్లో, సరిగ్గా చివర్లో, ఆలోచనలో పడినట్టు ఆగింది. బొటనవేలితో వెనకనుంచి ఒక్క నొక్కు నొక్కాను. కదిలిందనిపించింది. అంతలో "అక్కా, బండి రెడీ, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే నన్నంటారు" అని డ్రైవర్ కేక. ఒరలో దోపేసి, పైన కోటు లాక్కుని బండెక్కేశాను. ఇప్పుడు కోర్టు భవనంలో, సాక్షుల గదిలో, చెక్కబెంచీ మీద తలుపుకి ఎదురుగా కూర్చుని ఏడుస్తున్నాను, కన్నీళ్లు లేకుండా. పిలవడానికి ఇంకో గంట పడుతుందట. పక్కన ఈ పిల్ల.

ఈ పిల్లని కాపాడటమే నా పని. పంతొమ్మిదేళ్లుంటాయి. తల్లీ తండ్రీ పోతే అక్కే పెంచింది, అక్కకి పెళ్లయ్యాక ఆ ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. ఆ అక్కని బావ కాల్చి చంపాడు. చంపానని వాడనడు. కొత్తగా కొన్న పిస్టల్, లైసెన్సుంది, తుడుస్తుంటే పొరపాటున పేలింది అంటాడు. ఆ సమయానికి ఇంట్లో ఉన్నది ముగ్గురే, ఒకరు పోయారు, ఒకడు పొరపాటు అంటున్నాడు, మూడో మనిషి పక్కగదిలో పడుకున్న ఈ పిల్ల. ఇవాళ బోనెక్కి ఇది చెప్పేదాన్ని బట్టి వాడు జైలుకి పోతాడో, పూలదండ వేసుకుని ఇంటికి పోతాడో తేలుతుంది. వాడి తమ్ముడు ఇందాకే వరండాలో కనిపించాడు. నిమ్మకు నీరెత్తినట్టు గోడకి ఆనుకుని నిలబడి, ఈ పిల్ల వెళ్తుంటే "బాగున్నావా?" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో! అప్పుడు నా చెయ్యి దానంతటదే కోటు కిందికి పోయింది, వేళ్లు పిడి మీద పడ్డాయి. పడిందా, పడలేదా? పూర్తిగా మూసుకోకపోతే ట్రిగ్గర్ చచ్చిపోతుంది, ఎంత నొక్కినా పలకదు. అప్పుడు నేను చెయ్యగలిగిందల్లా దాన్ని వాడి మొహాన విసరడమే.

తీసి చూసుకోవచ్చు కదా అంటే, ఎలా? ఈ పిల్ల ముందు తీయలేను. దీని కాపలాకి వచ్చిన మొదటి రోజు నా నడుముకున్న ఒర చూసి దీని పెదవులు తెల్లబడిపోయాయి. మాటా మంతీ లేదు, సింక్ దగ్గరికి వెళ్లి వాంతి చేసుకుని, మూతి కడుక్కుని వచ్చి "సారీ ఆంటీ" అంది. సారీ ఏమిటే పిచ్చిదానా అన్నాను. అప్పటినుంచి ఎండలో కూడా ఈ కోటు. ఈ కోర్టులో ఇసక పెట్టె చూస్తే గేటు దగ్గర, గేటు చూస్తే రెండంతస్తుల కింద, డ్రైవర్ బండి ఎక్కడ పెట్టాలా అని తిరుగుతున్నాడు. పిల్లని వదిలి వెళ్లడానికి లేదు. తీసుకుని వెళ్తే వాడి తమ్ముణ్ణి మళ్లీ దాటాలి. ఇదిగో ఇక్కడే, చమట కారుతుంటే, లేని ధైర్యం మొహానికి పులుముకుని కూర్చున్నాను. "నీళ్లు తాగుతావా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. నేనే తాగాను.

పాత రివాల్వరే నయం. పద్దెనిమిదేళ్లు మోశాను, ఒక్కనాడు నన్ను అనుమానంలో పడెయ్యలేదు. దాని కడుపులో ఆరు గదులు, ఆరు తూటాలు, తెరిచి చూస్తే పళ్లికిలించినట్టు కనిపించేవి, ఉన్నాయా లేవా అన్న బాధే లేదు. కొత్త ఒక వింత అని అందరికీ ఇవి పంచారు. పంచిన వారంలోనే అందరం ఆర్మరర్ గది ముందు క్యూ కట్టాం. తుపాకులు బాగుచేసే ఆ ఆర్మరర్‌ని మేం జిడ్డు మామ అంటాం, చేతులకే కాదు, మాటలకి కూడా జిడ్డే, పట్టుకుంటే వదలడు. మొదటిసారి వెళ్లినప్పుడు "పెట్టెలోంచి తీసింది తీసినట్టే వాడుతున్నావా తల్లీ? ఇది తుప్పు పట్టకుండా పూసిన గ్రీజు, నూనె కాదు. దీంతో స్లైడ్ బురదలో నడిచినట్టు నడుస్తుంది" అని నన్నే తుడవమన్నాడు. తుడిచాను. రెండు రోజులు బాగుంది. తర్వాత ఫైరింగ్ రేంజ్‌లో స్లైడ్ లాగి, గురి చూసి నొక్కితే టిక్ అంది. అంతే. లోపల ఏమీ లేదు. మ్యాగజైన్ నిండుగా ఉంది, గది మాత్రం ఖాళీ. మామ వెనకనుంచి వచ్చి ఒక్క నవ్వు నవ్వాడు. "కొత్త స్ప్రింగు బిగువుగా ఉంటుంది. నిండా కుక్కిన మ్యాగజైన్‌ని ముద్దుగా దూరిస్తే కొక్కెం పడదు, కొంచెం కిందికే ఉండిపోతుంది. స్లైడ్ తూటా నెత్తి మీదనుంచి ఖాళీగా వెళ్లిపోతుంది. అరచేత్తో అడుగున ఒక్కటియ్యి. ఆఁ, అలా! ఇప్పుడు లాగు." కొట్టి లాగితే పేలింది. ఆ రోజు నేనూ నవ్వాను. టిక్ మన్నప్పుడు ఎదురుగా ఉన్నది అట్టముక్క కాబట్టి నవ్వాను.

అది తీరిందనుకుంటే ఇది. స్లైడ్ చివర్లో ఆగడం. మణికట్టు వదులుగా పట్టావేమో అన్నారు, అది పేల్చినప్పటి మాట, నింపేటప్పటిది కాదు. తూటాల ముక్కు మొద్దుగా ఉందేమో అన్నారు, పక్కవాళ్ల పిస్టల్‌లో అవే తూటాలు వెన్నలా పోతున్నాయి. నా పిస్టల్ మామ చేతిలో పెట్టాను. పదిసార్లు లాగాడు, పదిసార్లూ పడింది. నేను లాగాను, ఆగింది. మామ పిస్టల్‌ని చూడటం మానేసి నన్ను చూశాడు. "లాగి వదలమన్నాను కదా, నువ్వేం చేస్తున్నావు?" వదిలాను కదా అన్నాను. "ఎక్కడమ్మా వదిలింది! చుట్టాన్ని వీధి చివరిదాకా సాగనంపినట్టు, చెయ్యి దాని వెంటే పంపిస్తున్నావు. దానికి మర్యాదలేంటి? లోపలి స్ప్రింగు బలమంతా చివరి అంగుళంలోనే కావాలి. నువ్వేమో దాన్ని చేత్తో మింగేస్తున్నావు. పూర్తిగా వెనక్కి లాగు, టక్కున వదిలెయ్. చప్పుడైతే కానీ." సరే అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇన్నాళ్లూ పిస్టల్‌ని తిట్టాను. తప్పు చేతిది. తెలిసింది కదా, ఇక మానెయ్యచ్చు కదా? మానలేకపోతున్నాను. లాగేదాకా నేను పోలీసుని, వదిలేటప్పుడు మాత్రం ఈ చెయ్యి నాది కాదు. చప్పుడు రాబోతోందనగానే వేళ్లు ఇనుముని పట్టేసుకుంటాయి.

చప్పుడు. మా ఇంట్లో తలుపులకి చప్పుళ్లుండేవి కావు. గొళ్లేనికి గుడ్డపీలిక చుట్టి ఉండేది. గిన్నె మీద గిన్నె పెట్టేటప్పుడు మధ్యలో వేలు పెట్టేవాళ్లం, నా చూపుడువేలి గోరు ఇప్పటికీ వంకరే. నాన్న రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునేవాడు, నిద్ర చెడితే బెల్టు, చెడగొట్టింది ఎవరన్న విచారణ ఉండేది కాదు, చేతికి అందినవాళ్లకే. అమ్మ రోజంతా గుసగుసలాడుతూ ఉండేది. "మెల్లగానే, నాన్న లేస్తాడు." అన్నం పెడుతూ అదే, జడ వేస్తూ అదే, చివరికి ఆసుపత్రిలో ముక్కులో గొట్టంతో పడుకుని, నాన్న పోయి ఏడేళ్లయ్యాక, నేను స్టూలు లాక్కుంటే కళ్లు తెరవకుండానే "మెల్లగా" అంది. ఎవరు లేస్తారే అమ్మా, అందరూ పడుకున్నారు, లేవకుండా పడుకున్నారు అని ఏడ్చాను. ఏడుపు కూడా చప్పుడు లేకుండానే. నలభై ఆరేళ్లొచ్చాయి, ముగ్గురు దొంగల్ని ఒంటిచేత్తో పట్టుకున్నానని మెడల్ ఇచ్చారు, ఇంట్లో ఫ్రిజ్ తలుపు ఇప్పటికీ రెండు చేతులతో మూస్తాను. సిగ్గుగా ఉంది. కోపంగా కూడా ఉంది.

ఈ పిల్లా అంతే. కాపలాకి మమ్మల్ని పెట్టిన అద్దె గదిలో ఇది నడిస్తే వినపడదు. స్నానానికి వెళ్లిందో వచ్చిందో తెలీదు. గ్లాసు బల్ల మీద పెడితే బల్లకి తెలీదు. మొదటి రెండు రోజులు దొంగలా నడుస్తుందేమిటి అని విసుక్కున్నాను. తర్వాత అర్థమై నోరు మూసుకున్నాను. ఒకరోజు తనే చెప్పింది, నా కళ్లలోకి చూడకుండా. కొత్త పిస్టల్ కొన్నాక బావ దాన్ని ఒళ్లో పెట్టుకునే టీవీ చూసేవాడట, ఖాళీగానే ఉందని చూపించి మరీ అక్క తలకేసి గురిపెట్టి టిక్ మనిపించి నవ్వేవాడట. అక్క కూడా నవ్వేదట. ఇంకేం చేస్తుంది. నా కూతురైతే ఆ రోజే జుట్టు పట్టుకుని ఇంటికి లాక్కొచ్చేదాన్ని. నాకు కూతురు లేదు. దీనికి అమ్మ లేదు.

తలుపు తోసుకుని లాయరమ్మ వచ్చింది, నల్ల కోటు, చేతిలో ఫైళ్లు, కళ్ల కింద నిద్ర లేని చారలు. మంచిదే, మన తరఫు మనిషే. "చూడమ్మా, అడిగినదానికే జవాబు. అవును, కాదు, అంతే. ఎక్కువ మాట్లాడితే వాళ్ల లాయరు పీక్కు తింటాడు. పేలుడు విన్నావు, లేచి వెళ్లావు, బావ చేతిలో పిస్టల్ చూశావు. సరేనా?" పిల్ల తల ఊపింది. లాయరమ్మ నావైపు తిరిగి గొంతు తగ్గించి, "పొరపాటు కాదని చూపించడానికి మన దగ్గర గట్టిది ఏమీ లేదండీ. ఇద్దరూ రోజూ పోట్లాడుకునేవారంటే సరిపోదు" అని, వచ్చినంత వేగంగా వెళ్లిపోయింది. తలుపు దానంతటదే వెళ్లి కొట్టుకోబోతుంటే పిల్లా నేనూ ఒకేసారి చెయ్యి చాచి పట్టుకున్నాం. మెల్లగా మూశాం. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నా వల్ల కాలేదు. వరండాలో వాడి తమ్ముడి గొంతు వినిపిస్తోంది, ఎవరితోనో ఫోనులో నవ్వుతున్నాడు. గదికి ఒకటే తలుపు, దానికి లోపలి గడియ ఉంది. గడియ పెట్టాను. "బాత్రూమ్‌కి వెళ్లొస్తాను, ఎవరు కొట్టినా తీయకు" అని చెప్పి మూలనున్న బాత్రూమ్‌లో దూరాను. రూలు ప్రకారం తప్పే. రూలు రాసినవాడి నడుముకి ఈ పిస్టల్ లేదు. బయటి గోడ మందంగా ఉంది, అటు తిరిగి, ఒరలోంచి తీసి వెలుతురుకి పెట్టి చూశాను. ఆగిపోయి ఉంది. స్లైడ్‌కీ వెనక భాగానికీ మధ్య వెంట్రుకవాసి సందు. స్టేషన్‌నుంచి ఇక్కడిదాకా, ఆ వరండా పొడవునా, వాడి పక్కనుంచి, ఈ పిల్ల ప్రాణాన్ని ఒక ఇనపముక్కకి అప్పగించి తీసుకొచ్చాను. ఛీ, నీ బతుకు చెడ అని తిట్టాను, పిస్టల్‌ని కాదు. మ్యాగజైన్ తీశాను, స్లైడ్ లాగి ఆ తూటాని అరచేతిలోకి దింపుకున్నాను. పాపం రోజూ ఇదే పైన ఉంటున్నట్టుంది, ఎక్కించి దించి, ఎక్కించి దించి, దాని అంచులు గీసుకుపోయాయి. జేబులో వేసుకున్నాను. ఖాళీ పిస్టల్ లాగాను. వదులు. నిజంగా వదులు. నాన్న పోయాడు, అమ్మ పోయింది, ఎవరు లేస్తారు ఇప్పుడు? వదిలాను. ఠకాల్మంది, ఆ ఇరుకు గదిలో గోడలన్నీ తిరిగి అరిచాయి. ట్రిగ్గర్ చూసుకున్నాను, టిక్. మ్యాగజైన్ పెట్టి అరచేత్తో అడుగున ఒక్కటిచ్చాను. మళ్లీ లాగాను, మళ్లీ వదిలాను. ఠకాల్. సందు లేదు. మూసుకుంది. నా ఒళ్లంతా తేలికైపోయింది. ఒరలో పెట్టి, కోటు సర్దుకుని, ఎన్నాళ్లకో ఒక పని సరిగ్గా చేసినదానిలా తలుపు తీశాను.

పిల్ల బెంచీ మీద లేదు. బెంచీ కింద, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంది. ఏమైందే, ఎవరొచ్చారు అని పరుగెత్తాను. తల ఎత్తలేదు. చేతులు లాగితే, "అయిపోయిందా?" అంది. ఏది? "పేలడం." పేలలేదు తల్లీ, ఏమీ పేలలేదు, నేనే, సరిచూసుకుంటున్నాను, నాదే తప్పు. నా మాట వినడం లేదు. "అన్నీ అలాగే వచ్చాయి. ముందు ఆ ఠక్కు. తర్వాత టిక్. తర్వాత చేత్తో కొట్టినట్టు. మళ్లీ ఠక్కు. ఆ తర్వాత పేలింది కదా. ఇప్పుడు ఇంకా పేలలేదేంటా అని..." నా అరచేతిలో ఇందాకటి దెబ్బ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. ఎప్పుడు విన్నావు అన్నాను. "ఆ రోజే. మెలకువ వచ్చింది, పడుకునే ఉన్నాను. బీరువా అనుకున్నాను. పోలీసులకి కూడా బీరువా చప్పుడని చెప్పాను, రాసుకోలేదు." దాని పక్కనే నేల మీద కూర్చున్నాను. తుడుస్తుంటే పేలిందట, తుడుస్తుంటే! మ్యాగజైన్ నిండా కుక్కాడు, కొక్కెం పడలేదు, లాగాడు, గురిపెట్టి నొక్కాడు, టిక్ అంది. కోపంలో కళ్లు మూసుకుపోయినవాడైతే అక్కడ ఆగిపోయేవాడు. వాడు ఆలోచించాడు. పిస్టల్‌కి ఏమైందా అని చూశాడు. అరచేత్తో అడుగున కొట్టాడు, మళ్లీ లాగాడు, మళ్లీ గురిపెట్టాడు. జిడ్డు మామ నాకు రేంజ్‌లో నేర్పిన పాఠం అంతా వాడు ఆ గదిలో ఒక ఆడమనిషిని ఎదురుగా నిలబెట్టుకుని చేశాడు.

ఇది ఎవరికి చెప్పాలి? లాయరమ్మ కింద ఎక్కడో ఉంది. ఈ పిల్లకే చెప్పి పంపితే రేపు వాళ్ల లాయరు కాపలా మనిషి నేర్పించిందంటాడు, ఉన్నదీ పోతుంది. కానీ ఇది మొద్దు కాదు కదా. నా మొహంలోనే చదివేసింది. "అది బీరువా కాదు కదా ఆంటీ. మొదటిసారి పేలలేదా?" నేను దాని చెయ్యి పట్టుకున్నాను. "అంటే మధ్యలో టైముంది. మధ్యలో అక్క మాట్లాడింది కూడా. నేను తలుపు తీసి ఉంటే..." నోరు మూయ్ అన్నాను. గట్టిగానే అన్నాను. తీసి ఉంటే ఇవాళ ఇక్కడ ఇద్దరి కేసు నడిచేది, సాక్షి లేకుండా, వాడు రెండు పొరపాట్లు జరిగాయనేవాడు. అది నిజమో కాదో నాకు తెలీదు, దేవుడికి కూడా తెలుసని నేననుకోను. అక్క ఏమంది అని అడిగాను. పెదవులు కదిలాయి. అంతలో తలుపు మీద బంట్రోతు దెబ్బలు, పిలుపు, టైమైంది రమ్మని. లేపి నిలబెట్టాను, మొహం నా కోటు అంచుతో తుడిచాను. "విన్న చప్పుళ్లన్నీ చెప్పు. దేనికీ పేరు పెట్టకు, బీరువా అనకు, ఇంకోటీ అనకు. చెవిలో ఏ వరసలో పడ్డాయో ఆ వరసలో చెప్పు. అడగకపోయినా చెప్పు." "లాయరమ్మ వద్దంది." "లాయరమ్మ తిట్లు నేను తింటాలే."

వరండాలో వాడి తమ్ముడు అక్కడే ఉన్నాడు. ఈసారి నా చెయ్యి కోటు కిందికి పోలేదు, అక్కర్లేకపోయింది. వాడు నా కళ్లు చూసి పక్కకి జరిగాడు. కోర్టు హాల్లో పిల్లని బోనుదాకా దింపి నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఇంత పెద్ద గదిలో దీని గొంతు సూది పడినట్టుంది. పేరు చెప్పింది, అవును అంది, కాదు అంది. పేలుడు విన్నావా అన్నారు. "అంతకు ముందు నుంచీ విన్నాను" అంది. లాయరమ్మ తల ఎత్తింది. ఠక్కు అంది, టిక్ అంది. గుమాస్తా టైపు చేసుకుంటూ పోతున్నాడు. సాక్షి బల్ల దగ్గర కూర్చున్న తుపాకుల నిపుణుడు, అప్పటిదాకా కళ్లద్దాలు తుడుచుకుంటున్నవాడు, తుడవడం మానేశాడు. ముద్దాయి స్థానంలో ఉన్న బావ కూడా మొదటిసారి దీన్ని తిరిగి చూశాడు. "తర్వాత అక్క ఒక మాట అంది. ఖాళీదే అనుకుని ఉంటుంది, ఎప్పుడూ ఖాళీదే కదా." ఏమన్నదని జడ్జిగారు అడిగారు. పిల్ల చెప్పింది. ఎవరికీ వినపడలేదు. నాకూ వినపడలేదు, పెదవులు మాత్రం కనిపించాయి, మొదటి మాట తెలిసిపోయింది, ఆ మాటకి పెదవులు ఎలా కదులుతాయో పుట్టినప్పటినుంచీ చూస్తున్నదాన్ని. వద్దు, ఇక అడక్కండి అనుకున్నాను. జడ్జిగారు ముందుకు వంగారు. "వినపడలేదమ్మా. గట్టిగా చెప్పు."

పిల్ల రెండు చేతులతో బోను కర్రని పట్టుకుంది. ఊపిరి లోపలికంటా లాక్కుంది, వదిలింది. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ అరవని గొంతుతో, వరండాలో వాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా అరిచింది:

"మెల్లగా! చెల్లి లేస్తుంది!"